‘మిషన్ బాగోలేదు’ అని రాస్తే చాలదు: చెడిపోయిన యంత్రం మీద ఫిర్యాదు లేఖ రాయడం

పవర్ ప్రెస్ (రేకును బలంగా నొక్కి కోసే, వంచే యంత్రం) మీద చేసేవాళ్లకు ‘డబుల్ కొడుతోంది’ అంటే వేరే వివరణ అక్కర్లేదు. పెడల్ ఒక్కసారి తొక్కితే రామ్ (పైనుంచి దిగి దెబ్బ వేసే భాగం) ఒకసారి దిగి, పైకి వెళ్లి ఆగాలి. ఆగకుండా రెండోసారి దిగితే అది డబుల్. మొదటి దెబ్బ పడగానే పీసు తీయడానికి చేయి డై (పీసుకు ఆకారమిచ్చే అచ్చు) లోపలికి వెళ్తుంది, రెండో దెబ్బ సరిగ్గా అప్పుడే పడుతుంది. ఆపరేటర్ సూపర్‌వైజర్‌కు చెప్తాడు. ‘ఈ లాట్ అవనీ, చూద్దాం’ అంటాడాయన. మర్నాడు షిఫ్టు మారుతుంది, చెప్పిన మాట అక్కడితో సరి. వేళ్లు పోయాక ‘మాకెవరూ చెప్పలేదే’ అన్న మాట ఒక్కటే వినబడుతుంది.

ఫిర్యాదు లేఖ ఉండేది ఆ మాటకు చోటు లేకుండా చేయడానికే. కోపం చూపించడానికో, సానుభూతి అడగడానికో కాదు. అందుకున్నవాళ్లు ‘చూశాం, బానే ఉంది’ అని ఒక్క ముక్కలో ఫైలు మూసేయలేని విధంగా రాయాలి. ఇక్కడ ఉదాహరణకు పవర్ ప్రెస్‌నే తీసుకున్నాం. క్రేనైనా, గ్రైండరైనా, ఫోర్క్‌లిఫ్టైనా పద్ధతి ఒకటే.

ముందు మిషన్, తర్వాత పెన్ను

ప్రాణానికో అవయవానికో అప్పటికప్పుడు ముప్పున్న లోపమైతే లేఖ కోసం ఆగకండి. మిషన్ ఆపి, మెయిన్ స్విచ్ తీసి, ఫ్లైవీల్ (మోటారుతో తిరిగే బరువైన చక్రం) పూర్తిగా నిలిచేదాకా దగ్గరే ఉండండి. మోటారు ఆపాక కూడా ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడు చాలు ఒక దెబ్బ పడడానికి. ‘నడపొద్దు’ అని ట్యాగ్ కట్టండి. ట్యాగ్ దొరక్కపోతే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి స్విచ్‌కు కట్టినా సరే. షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పండి. లేఖ అదే షిఫ్టులో, కుదరకపోతే అదే రోజు వెళ్లాలి. లోపం 6న కనిపిస్తే 20న రాసిన లేఖను చూసి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ‘మరి రెండు వారాలు ఎలా నడిపావు?’

ఒక హెచ్చరిక. రుజువు కోసం లోపాన్ని మళ్లీ చేసి చూపించొద్దు. ‘వీడియో తీస్తాను, ఇంకోసారి తొక్కు’ అని పక్కవాడికి చెప్పడం వాడి చేతిని పణంగా పెట్టడమే. జరిగినది జరిగినట్టు రాస్తే చాలు, తిరిగి చేయించి చూడాల్సిన పని మెయింటెనెన్స్ వాళ్లది.

ఏమేం రాసిపెట్టుకోవాలి

జేబులో చిన్న పుస్తకం ఉంటే పది నిమిషాల పని. మొదట మిషన్ గుర్తింపు. నేమ్‌ప్లేట్ మీద ఉన్న తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్, టన్నేజీ ఎలా ఉన్నాయో అలాగే దింపుకోండి. ఫ్యాక్టరీ వాళ్లు పెయింటుతో వేసిన నంబర్ వేరే ఉంటుంది, అదీ కావాలి. ‘గేటు పక్కన ప్రెస్’ అని రాస్తే రేపు మిషన్ జరిపాక అది ఏ ప్రెస్సో ఎవరూ తేల్చలేరు.

తర్వాత లోపం. జనం తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. ‘మిషన్ సరిగా పనిచేయడం లేదు, చాలా ప్రమాదకరంగా ఉంది’ అని రాస్తారు. చదివినవాడికి ఏం చూడాలో తెలియదు. ‘క్లచ్ కీ అరిగిపోయింది, మార్చండి’ అని రాయడం దీనికి పూర్తిగా ఎదురు తప్పు. (క్లచ్ కీ అంటే తిరిగే ఫ్లైవీల్‌ను రామ్‌ను దించే షాఫ్ట్‌కు కలిపే ముక్క.) డబుల్ కొట్టడానికి కారణం క్లచ్ కీ కావచ్చు, దాని స్ప్రింగ్ తెగి ఉండవచ్చు, బ్రేక్ లైనింగ్ మీద ఆయిల్ పడి పట్టు తగ్గి ఉండవచ్చు, పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ మెత్తబడి ఉండవచ్చు, పెడల్ కింద స్క్రాప్ ముక్క ఇరుక్కుని ఉండవచ్చు. మీరు క్లచ్ కీ అని రాశారనుకోండి. వాళ్లు క్లచ్ కీ ఒక్కటే చూసి ‘పరిశీలించాము, బాగుంది’ అని జవాబిచ్చి లేఖ మూసేస్తారు. డబుల్ మాత్రం కొడుతూనే ఉంటుంది. కాబట్టి కారణం మీద పందెం కాయకండి. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, ఎన్నిసార్లు, ఎప్పుడు అన్నదే రాయండి.

‘ఎప్పుడు’ అన్నదానికి చాలా విలువ ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగుండి, రెండు గంటలు నడిచాక డబుల్ కొడుతుంటే మెకానిక్ దృష్టి ముందు బ్రేకు మీదకు వెళ్తుంది. ఏదో ఒక డైతో మాత్రమే వస్తుంటే చూడాల్సినవి వేరు. ఆయిల్ వేసిన మర్నాటి నుంచి మొదలైతే అదీ రాయండి. మీకు చిన్నగా కనిపించే వివరం ఫిట్టర్‌కు సగం రోజు పని తగ్గిస్తుంది, మీ లేఖ మీద గురి కూడా పెంచుతుంది.

ప్రెస్ విషయంలో ఇంకో ముఖ్యమైన ముక్క: కాలు. పాత కీ క్లచ్ ప్రెస్సుల్లో ఒక్క దెబ్బకే ఆపే ఏర్పాటు లేకపోయినా, ఉన్నది పాడైనా, పెడల్ మీద కాలు అలాగే ఉంచితే రామ్ మళ్లీ మళ్లీ దిగుతుంది. అందుకే మేనేజ్‌మెంట్ నుంచి మొదట వచ్చే జవాబు ‘నువ్వే కాలు తీసి ఉండవు’. ఆ జవాబు రాకముందే దానికి బదులు లేఖలో ఉండాలి: ‘పెడల్ ఒకసారి తొక్కి కాలు పూర్తిగా తీసిన తర్వాత రామ్ రెండోసారి దిగింది.’ ఈ ఒక్క వాక్యం లేకపోతే తక్కిన పేజీ అంతా దండగే అవ్వొచ్చు.

గార్డు (చేయి డై లోపలికి వెళ్లకుండా బిగించే అడ్డు) సంగతి కూడా అంతే. గార్డు విప్పేసి ఉన్నా, రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగేలా పెట్టిన రెండు బటన్లలో ఒకదాన్ని టేపుతో బిగించి ఉన్నా, అది ఎప్పటి నుంచి అలా ఉందో, మీరు డ్యూటీకి వచ్చేసరికి ఎలా ఉందో రాయండి. కారణం చట్టంలో ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం కార్మికుడు తెలిసి తెలిసి భద్రతా గార్డును తీసేసినందువల్ల గాయమైతే, అది మరణానికో పూర్తి శాశ్వత వైకల్యానికో దారితీయకపోతే, యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదని వాదించగలిగేవాడు. 2025 నవంబరు 21న దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా ఈ ధోరణినే కొనసాగించింది. ‘గార్డు తీసింది నేను కాదు, తీసి ఉందని ఫలానా తేదీన చెప్పాను’ అన్న కాగితం ఆ వాదనకు అడ్డుకట్ట.

చివరగా, ఎవరికి ఎప్పుడు చెప్పారో. తేదీ, సమయం, విన్నవారి హోదా, వాళ్లన్న మాట. బ్రేక్‌డౌన్ స్లిప్ (మిషన్ చెడిందని మెయింటెనెన్స్‌కు రాసిచ్చే చీటీ) రాసి ఉంటే దాని నంబర్, లాగ్‌బుక్‌లో ఎక్కించి ఉంటే పేజీ నంబర్. లాగ్‌బుక్‌లో మీరే రాయగలిగితే తప్పకుండా రాయండి. అది ఫ్యాక్టరీ సొంత రికార్డు, మీ ఫోటో కన్నా దాని బలం ఎక్కువ.

ఫోటోల మాటకొస్తే, లోపలికి సెల్‌ఫోన్ నిషేధమైన చోట దొంగచాటుగా తీయొద్దు. యంత్రం గొడవ పక్కకు పోయి, ఫోన్ తెచ్చినందుకు మీకు మెమో వస్తుంది. అలాంటి చోట చేత్తో గీసిన బొమ్మ చాలు: గార్డు ఎక్కడ ఉండాలి, ఎక్కడ లేదు, చేయి ఎక్కడ పెడతారు. ఫోన్ అనుమతి ఉంటే రెండు ఫోటోలు తీయండి. ఒకటి మిషన్ నంబర్ కనిపించేలా దూరం నుంచి, రెండోది లోపం దగ్గర నుంచి. అసలు ఫోటోలు ఫోన్‌లోనే ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి, తీసిన తేదీ సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

ఎవరి పేరున రాయాలి

ఫ్యాక్టరీ మేనేజర్ పేరున. సూపర్‌వైజర్ పేరున రాస్తే అది ఆయన సొరుగు దాటకపోవచ్చు. పైగా బడ్జెట్ కావాల్సిన రిపేరు ఆయన చేతిలో ఉండదు. నకలు సేఫ్టీ ఆఫీసర్‌కు, సేఫ్టీ కమిటీ ఉంటే అందులోని కార్మికుల ప్రతినిధికి, యూనియన్ ఉంటే కార్యదర్శికి పంపండి. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు కాంట్రాక్టర్‌కు రాసి ఊరుకోకూడదు. మిషన్ ఆయనది కాదు. లేఖ కాంట్రాక్టర్‌కు, నకలు ఫ్యాక్టరీ మేనేజర్‌కు, రెండూ ఒకే రోజు.

ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు మొదటి రోజే పంపాలా? మామూలు లోపానికి అక్కర్లేదు. ముందు ఫ్యాక్టరీకి అవకాశం ఇచ్చినట్టు కాగితం మీద ఉంటే తర్వాత మీ మాటకు బరువు పెరుగుతుంది. అప్పటికప్పుడు ముప్పున్నదైతే వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లోని 14వ సెక్షన్ ప్రకారం, తీవ్రమైన గాయమో ప్రాణహానో వెంటనే జరిగే అవకాశం ఉందని ఉద్యోగికి సహేతుకమైన భయం ఉంటే యజమానికి చెప్తూ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌కు (ఈ కోడ్‌లో ఇన్‌స్పెక్టర్‌కు పెట్టిన పేరు) కూడా తెలియజేయవచ్చు. ముప్పు ఉందని యజమాని ఒప్పుకుంటే వెంటనే సరిచేసి, ఏం చేశారో ఆ అధికారికి నివేదిక పంపాలి. ఒప్పుకోకపోతే విషయాన్ని ఆ అధికారికే నివేదించాలి, ఆయన నిర్ణయమే తుది. అంటే ‘మాకేం ప్రమాదం కనిపించడం లేదు’ అన్న జవాబుతో కథ ముగియదు. అదే కోడ్‌లోని 13వ సెక్షన్ ప్రకారం సురక్షితంగా లేని పరిస్థితిని గమనిస్తే యజమానికి చెప్పడం ఉద్యోగి విధి కూడా. ‘ఫిర్యాదులు చేస్తున్నావేంటి’ అని ఎవరైనా గుడ్లురిమితే గుర్తు చేయదగ్గ మాట ఇది.

లేఖలో మాత్రం సెక్షన్లు గుప్పించకండి. ఒక్క వాక్యంలో ఒక్క ప్రస్తావన చాలు. నాలుగు చట్టాలు, పదహారు సెక్షన్లు ఉన్న లేఖ నేరుగా లాయర్ దగ్గరికి వెళ్తుంది. మెయింటెనెన్స్ దగ్గరికి వెళ్లాల్సింది కదా.

లేఖ ఎలా ఉండాలి

ఒక లేఖ, ఒక మిషన్. ఓవర్‌టైం బాకీ, క్యాంటీన్ సాంబారు, గత ఏడాది బోనస్, వీటికి ఇందులో చోటు లేదు. నాలుగు విషయాలు కలిపితే తేలికైనదానికి జవాబిచ్చి మిగతా మూడూ వదిలేస్తారు.

‘తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునదేమనగా’ అన్న మొదలు అవసరం లేదు. అలాగని ‘వెంటనే చేయకపోతే కేసు వేస్తా’ అన్న ముగింపూ వద్దు. మొదటిది దాన్ని దయతో తీర్చే కోరికగా మారుస్తుంది, రెండోది తగవుగా మారుస్తుంది. మర్యాదగా, పొడిగా, తేదీలతో రాయండి. ఎవరి తప్పో తేల్చొద్దు. ‘షిఫ్ట్ ఇన్‌చార్జి నిర్లక్ష్యం వల్ల’ అని రాస్తే ఆయన తనను కాపాడుకునే పనిలో పడతాడు. ‘6న 11 గంటలకు షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి తెలియజేశాను’ అని రాస్తే అదే సంగతి నింద లేకుండా తెలుస్తుంది.

తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా రాయొచ్చు. మిషన్ మాటలు మీరు రోజూ వాడేవే వాడండి. ప్రెస్‌ను ‘ముద్రణ పీడన యంత్రం’ అంటే మీ ఫిట్టర్‌కే అర్థం కాదు. మేనేజర్‌కు తెలుగు రాకపోతే ఇంగ్లీషు అనువాదం వెనక జతచేయండి, సంతకం మాత్రం మీకు చదివితే అర్థమయ్యే ప్రతి మీద ముందు పెట్టండి.

నమూనా:

తేదీ: 09-03-2026

నుండి:
(పేరు), ప్రెస్ ఆపరేటర్, టోకెన్ నంబర్ ____, ఎ షిఫ్టు, ప్రెస్ షాప్

కు:
ఫ్యాక్టరీ మేనేజర్ గారికి,
(ఫ్యాక్టరీ పేరు, చిరునామా)

విషయం: ప్రెస్ షాప్‌లోని 3వ నంబర్ పవర్ ప్రెస్ ఒక్క తొక్కుకు రెండుసార్లు దిగుతున్నందున, దాన్ని నిలిపి బాగుచేయించడం గురించి.

సూచిక: 1. 06-03-2026న షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి నోటిమాటగా తెలియజేసినది. 2. 07-03-2026 నాటి బ్రేక్‌డౌన్ స్లిప్ నంబర్ ____.

అయ్యా,

నేను ప్రెస్ షాప్‌లో 3వ నంబర్ పవర్ ప్రెస్ (50 టన్నులు, సీరియల్ నంబర్ ____) మీద ఎ షిఫ్టులో పనిచేస్తున్నాను. ఈ ప్రెస్‌లో కింది లోపాలు గమనించాను.

06-03-2026 ఉదయం 10.40కి బ్రాకెట్ డై మీద పనిచేస్తుండగా, పెడల్ ఒకసారి తొక్కి కాలు పూర్తిగా తీసిన తర్వాత రామ్ రెండోసారి దిగింది. 07-03-2026న ఉదయం 9.15కి, 11.30కి మళ్లీ ఇలాగే జరిగింది. ఈరోజు 8.50కి జరిగినప్పుడు పీసు తీస్తున్న నా కుడి చేతి గ్లవ్ అంచు డై కింద నలిగింది. గాయం కాలేదు. మూడు రోజుల్లోనూ మిషన్ కనీసం అరగంట నడిచిన తర్వాతే లోపం కనిపించింది.

ప్రెస్ ముందు గార్డు లేదు. 02-03-2026న నన్ను ఈ మిషన్ మీద వేసినప్పటికే అది లేదు.

06-03-2026 ఉదయం 11 గంటలకు షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి చెప్పాను. 07-03-2026న బ్రేక్‌డౌన్ స్లిప్ రాశాను. ఈరోజు 8.55కి మిషన్ ఆపి, స్విచ్‌కు ట్యాగ్ కట్టి, తిరిగి షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి తెలియజేశాను.

చేయి నలిగే ప్రమాదం వెంటనే జరిగే అవకాశం ఉన్నందున, వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లోని 14వ సెక్షన్ ప్రకారం ఈ విషయం మీ దృష్టికి తెస్తున్నాను. కోరుతున్నవి:

1. లోపం సరిచేసి పరీక్షించేవరకు 3వ నంబర్ ప్రెస్‌ను ఏ షిఫ్టులోనూ ఎవరిచేతా నడిపించవద్దు.
2. రామ్ రెండోసారి దిగడానికి కారణం కనుక్కుని సరిచేయించి, ముందు గార్డు బిగించాలి.
3. ఏం మార్చారో, ఎవరు పరీక్షించారో, ఎప్పుడు పరీక్షించారో 16-03-2026 లోపు నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

అప్పటివరకు మీరు కేటాయించే వేరే సురక్షితమైన పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
(సంతకం, పేరు)

జతపరచినవి: బ్రేక్‌డౌన్ స్లిప్ నకలు, గార్డు లేని చోటు చూపే బొమ్మ.
నకలు: సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ కమిటీ కార్మిక ప్రతినిధి, ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్.

కొన్ని చోట్ల ఆగి చూడండి. ఈ నమూనాలోని ఆపరేటర్ మొదట నోటిమాటతో, స్లిప్పుతో సరిపెట్టి లేఖ మూడు రోజుల తర్వాత రాశాడు; మీరు మొదటిసారే మిషన్ ఆపి, అదే రోజు రాయండి. ‘ఏ షిఫ్టులోనూ ఎవరిచేతా’ అన్న మాట లేకపోతే మీరు దిగాక బి షిఫ్టులో కొత్తగా వచ్చిన హెల్పర్‌ను దాని మీద కూర్చోబెడతారు. ‘గాయం కాలేదు’ అని నిజాయితీగా రాయడం లేఖను బలహీనం చేయదు. లేని గాయం రాస్తే మాత్రం నిజమైన నాలుగు తేదీల మీద కూడా నమ్మకం పోతుంది. రెండో కోరికలో ‘కారణం కనుక్కుని’ అనే ఉంది, ఏ పార్టో చెప్పలేదు. మూడో కోరికను గమనించండి: ‘తగు చర్య తీసుకోగలరు’ అని రాస్తే ‘తగు చర్య తీసుకున్నాం’ అనే జవాబొస్తుంది. ఏం మార్చారు, ఎవరు చూశారు, ఎప్పుడు అని అడిగితే ఎవరో ఒకరు నిజంగా వెళ్లి చూడాల్సిందే, సంతకం చేయాల్సిందే.

ఇక ఆ చివరి వాక్యం, వేరే పనికి సిద్ధమన్నది. చాలా లేఖల్లో ఇది ఉండదు, తర్వాత దాని కోసమే తల పట్టుకుంటారు. ఆ ముక్క లేకుండా మిషన్ దిగితే ‘పని చేయడానికి నిరాకరించాడు’ అని మెమో ఇవ్వొచ్చు, జీతం కోయొచ్చు. మీరు వద్దంటున్నది పనిని కాదు, ఆ ఒక్క మిషన్‌ను. అది కాగితం మీద ఉండాలి. లేఖ ఇచ్చి గేటు దాటి ఇంటికెళ్లిపోతే మాత్రం ఈ వాక్యం కూడా కాపాడదు.

గడువు ఎంత పెట్టాలన్నది లోపాన్ని బట్టి. మిషన్ నిలిపివేతకు గడువు ఉండదు, అది ఆ క్షణం నుంచే. రాతపూర్వక జవాబుకు వారం రోజులు న్యాయమైనది. పార్టు బయటి నుంచి రావాలంటే ఇంకో వారం అడుగుతారు, మిషన్ ఆగి ఉన్నంతకాలం ఒప్పుకోవచ్చు.

ఇవ్వడంలో జరిగే తప్పులు

లేఖ ఎంత బాగా రాసినా అందినట్టు రుజువు లేకపోతే రాయనట్టే. రెండు ప్రతులు తీసుకెళ్లండి. టైం ఆఫీసులోనో హెచ్‌ఆర్‌లోనో ఇన్‌వర్డ్ రిజిస్టర్ (వచ్చిన కాగితాలు ఎక్కించే పుస్తకం) ఉంటుంది, అక్కడ ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందినది’ అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ఇన్‌వర్డ్ నంబర్ కూడా అడగండి. ముద్ర లేదంటే సంతకం కింద పేరు, హోదా రాయమనండి. వంకర గీత ఒక్కటే ఉంటే ఆర్నెల్ల తర్వాత అది ఎవరిదో గీసినవాడికే గుర్తుండదు.

‘తీసుకోం’ అని వాళ్లంటే గొడవపడకండి. మీ ప్రతి మీద ‘ఫలానా తేదీ, ఫలానా సమయానికి ఇవ్వగా తీసుకోలేదు’ అని రాసి, పక్కనున్నవాళ్లు ఒప్పుకుంటే సాక్షి సంతకం పెట్టించి, అదే రోజు పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ సౌకర్యం కావాలని కౌంటర్‌లో అడగండి. రసీదు భద్రం. అందినట్టు ట్రాకింగ్‌లో కనిపించిన రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ వివరాలు ఎప్పటికీ అలాగే ఉండవు. కంపెనీ ఈమెయిల్ చిరునామా తెలిస్తే సంతకం చేసిన లేఖను పీడీఎఫ్ చేసి పంపండి. షాప్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఫిర్యాదు లేఖ కాదు. అయితే అందులో ‘చూశాం’ అని సూపర్‌వైజర్ జవాబిచ్చి ఉంటే అది దాచుకోదగిందే.

నలుగురు కలిసి రాసేటప్పుడు సంతకాలు లేఖ ఉన్న కాగితం మీదే ఉండాలి. తెల్లకాగితం మీద సంతకాలు పోగుచేసి తర్వాత దేనికో జతచేస్తే, ‘నేను పెట్టింది దీని మీద కాదు’ అని ఒకరు అన్నా మొత్తం కూలిపోతుంది. లేఖ రెండు పేజీలైతే ప్రతి పేజీ కింద నంబర్, పొట్టి సంతకం. తప్పు రాస్తే వైట్‌నర్ వద్దు, ఒక గీతతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి.

జవాబు రాకపోతే

గడువు దాటిన మర్నాడే రెండో లేఖ. ఇది అర పేజీ: మొదటి లేఖ తేదీ, ఇన్‌వర్డ్ నంబర్, జవాబు రాలేదన్న మాట, ఈ మధ్య లోపం మళ్లీ కనిపిస్తే ఆ తేదీలు, అవే మూడు కోరికలు. కథంతా మళ్లీ రాయకండి, మొదటిదాని నకలు జతచేయండి. రెండు లేఖల్లో వివరాలు ఏ కొంచెం తేడాగా ఉన్నా ఆ తేడానే పట్టుకుంటారు.

తర్వాత మీ జిల్లాను చూసే ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రెండు రాష్ట్రాలకూ వేర్వేరుగా ఫ్యాక్టరీల శాఖ ఉంది. ఫిర్యాదు చేసిందెవరో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 118ఎ సెక్షన్‌లోనే రాసి ఉండేది; 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలోకి పైన చెప్పిన 2020 కోడ్ వచ్చింది. ఏదేమైనా ‘నా పేరు గోప్యంగా ఉంచగలరు’ అని లేఖలో ఒక ముక్క రాయండి. ఇక్కడ నిజం చెప్పుకోవాలి: ఆ ప్రెస్ మీద ఉన్నది మీరొక్కరే అయితే, పేరు దాచినా ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అలాంటప్పుడు సేఫ్టీ కమిటీ ప్రతినిధి చేతో యూనియన్ చేతో రాయించడం మంచిది. చర్య ఏమైందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ కార్యాలయానికి దరఖాస్తు పెట్టి ‘ఫలానా తేదీ నాటి నా ఫిర్యాదుపై తీసుకున్న చర్య, తనిఖీ నివేదిక నకలు’ అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

వేరే యంత్రాలైతే

పద్ధతి అదే, వివరాలే మారతాయి. ఓవర్‌హెడ్ క్రేనైతే హుక్ పైకి వెళ్లినప్పుడు లిమిట్ స్విచ్ ఆపుతోందా లేదా, హుక్‌కు లాచ్ ఉందా, వైర్ రోప్‌లో తెగిన తీగలు ఎక్కడ కనిపించాయి, అప్పుడు ఎంత బరువు లేపుతున్నారు అన్నవి రాయండి. చివరి పరీక్ష సర్టిఫికెట్ తేదీ అడగండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం బరువులు లేపే యంత్రాలకు, గొలుసులకు, తాళ్లకు కనీసం 12 నెలలకోసారి, హాయిస్టులకు, లిఫ్టులకు ఆర్నెల్లకోసారి పూర్తి పరీక్ష జరగాల్సి ఉండేది. సర్టిఫికెట్ అడిగితే జవాబుగా కాగితం చూపించాలి కాబట్టి మాటలతో దాటవేయడం కష్టం.

యాంగిల్ గ్రైండరైతే మిషన్ మీద ఉన్న ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో), వీల్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం రెండూ రాయండి. వీల్‌ది తక్కువైతే అది పగిలి ఎగరడానికి వేరే కారణం అక్కర్లేదు. గార్డు తీసేసి పెద్ద వీల్ బిగించిన చోట తరచుగా ఉండేది ఈ తేడానే. స్విచ్ వదిలినా ఆగకపోతే అదీ రాయండి.

షాక్ కొడుతుంటే శరీరంలో ఏ భాగం మిషన్‌లో ఏ భాగానికి తగిలిందో, నేల తడిగా ఉందా, కాళ్లకు ఏముందో, ఏ బోర్డు ఏ ప్లగ్గులో పెట్టి ఉందో రాయండి. ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసి ఉంటే ఆ రీడింగ్ చేర్చండి. ‘ఇంకా కొడుతోందా’ అని మళ్లీ ముట్టుకుని చూడకండి.

లేఖ నకలు, అందిన ప్రతి, స్లిప్పులు, పోస్టు రసీదు ఒకే కవర్లో పెట్టి ఇంట్లో ఉంచుకోండి, ఫ్యాక్టరీ లాకర్లో వద్దు. మిషన్ బాగయ్యాక కూడా ఆ కవర్ పారేయకండి. బాగైందని వాళ్లిచ్చిన కాగితం కూడా అందులోనే పెట్టండి, ఆరు నెలలకు అదే ప్రెస్ మళ్లీ డబుల్ కొడితే కొత్త లేఖలో సూచిక 1గా వేయాల్సింది దాన్నే.